అరణపు మనిషి

పోయిన ఎండాకాలం నా కుడికంటికి మోతిబిందు ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు పుస్తకం జోలికి పోవద్దన్నారు డాక్టరుగారు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? నా అవస్థ చూడలేక మా అమ్మాయి ఫోన్లో ఒక ఆడియో పుస్తకం వేసి, ఇయర్‌ఫోన్లు చేతికిచ్చి, "ఇక కళ్ళు మూసుకుని విను" అంది. అది మార్గరెట్ అట్వుడ్ నవల 'పెనెలోపియాడ్'. నేను ఇదివరకు చదివిందే. తెలిసిన కథయితే వినడం తొందరగా అలవాటవుతుందని అదే ఎంచిందట.

నేను కామారెడ్డిలో ఉంటాను. మా అమ్మ ఎల్లారెడ్డిలో. ఆదివారం పొద్దున బస్సెక్కి లింగంపేట మీదుగా పోయి, సాయంత్రానికి తిరిగి వస్తాను. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులు ఉచితం చేసినప్పటి నుంచి ఈ దారి బస్సులు నిండుగా ఉంటున్నాయి. ఆస్పత్రికి పోయేవాళ్ళు, కూతురిని చూసి వచ్చేవాళ్ళు, బీడీల కార్ఖానాకు పోయే ఆడవాళ్ళు. వాళ్ళ మాటల మధ్య, తంబాకు వాసన మధ్య కూర్చుని నేను ఇతాకా రాణి ఆత్మకథ విన్నాను. క్యూబాలో 1865 నుంచి చుట్టల కార్ఖానాల్లో పనివాళ్ళకు నవలలు పైకి చదివి వినిపించే ఆచారం ఉంది. మా వైపు బీడీలు చుట్టేవాళ్ళకు అట్లా చదివి పెట్టేవాళ్ళెవరూ లేరు. ఒకరికొకరు చెప్పుకోవడమే.

'పెనెలోపియాడ్' 2005లో వచ్చింది. కథ అందరికీ కొంత తెలిసిందే. ట్రాయ్ యుద్ధానికి పోయిన ఒడిస్యూస్ ఇరవయ్యేళ్ళకు గాని ఇల్లు చేరడు. ఈలోగా నూటికి పైగా మగవాళ్ళు ఆయన ఇంట్లో తిష్ఠవేసి, తమలో ఒకరిని పెళ్ళాడమని పెనెలోపిని వేధిస్తారు. మామకు ప్రేతవస్త్రం నేసి ముగించాక చెప్తానని, పగలు నేసింది రాత్రి విప్పేస్తూ ఆమె మూడేళ్ళు గడుపుతుంది. ఒడిస్యూస్ మారువేషంలో వచ్చి అందరినీ చంపుతాడు. ఆ తర్వాత దాసీల వంతు. ఇంట్లో యాభైమంది దాసీలు. వాళ్ళలో పన్నెండుగురు ఆ మగవాళ్ళతో పడుకున్నారని ముసలి దాది యూరిక్లియా లెక్క చెప్తుంది. ముందు వాళ్ళ చేతనే శవాలు మోయించి, బల్లలు కడిగించి, తర్వాత కొడుకు టెలిమాకస్ ఓడతాడు కట్టి పన్నెండుగురినీ వరసగా ఉరి తీస్తాడు. వలలో పడ్డ పిట్టలతో పోలుస్తాడు వాళ్ళను హోమర్. కాళ్ళు కొంచెంసేపు కొట్టుకున్నాయట, ఎక్కువసేపు కాదట.

అట్వుడ్ నవలలో పెనెలోపి చనిపోయి, పాతాళంలో నుంచి తన కథ తాను చెప్తుంది. మధ్య మధ్య ఆ పన్నెండుగురూ వచ్చి పాడతారు. తాడాట పాటగా ఒకసారి, ఏడుపుపాటగా ఒకసారి, ఓడవాళ్ళ పాటగా ఇంకోసారి. ఒకచోట మానవశాస్త్ర ఉపన్యాసం ఇస్తారు, ఒకచోట ఒడిస్యూస్ మీద కోర్టులో కేసు నడుపుతారు.

ఈ నవలను నేను 2006లో మొదటిసారి చదివి, ఒక సెమినారులో పేపరు కూడా సమర్పించాను. ఇన్ని వేల ఏళ్ళ తర్వాత పెనెలోపికి గొంతు దొరికిందని, మన సాహిత్యంలో సీతకు, ఊర్మిళకు దొరికినట్టే దొరికిందని రాశాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ పేపర్లో పన్నెండుగురు దాసీల గురించి రెండు వాక్యాలున్నాయి. ఎందుకంటే, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పాటలు నేను సరిగా చదవలేదు. పేజీ తిప్పగానే పద్యంలా కనిపిస్తే కన్ను గబగబా కిందికి జారిపోయి, రాణి మళ్ళీ మాట్లాడేచోట ఆగేది. మనలో చాలామందికి ఈ అలవాటు ఉందనే అనుకుంటాను. నవల మధ్యలో పాట వస్తే దాటేస్తాం.

చెవికి ఆ సౌకర్యం లేదు. బస్సులో నిలబడ్డవాళ్ళు మీద పడుతూ ఉంటే ఫోను తీసి ముందుకు జరపడానికి చెయ్యి కూడా ఆడదు. పాట ఎంతసేపు ఉంటే అంతసేపూ వినాల్సిందే. అట్లా వింటే తెలిసింది, పెనెలోపి ఎంత తెలివిగా, ఎంత చనువుగా మాట్లాడుతున్నా ఆ పన్నెండుగురు ఆమెను వదలరని. ఆమె చెప్పిన ప్రతి మాట వెనకా వాళ్ళు వచ్చి నిలబడతారు. ఆ మగవాళ్ళతో కలిసిమెలిసి ఉండి వాళ్ళ మాటలు తెచ్చి చెప్పమన్నది పెనెలోపే. చిన్నపిల్లలప్పటి నుంచి పెంచింది కూడా ఆమే. వాళ్ళను చంపే సమయానికి ఆమె నిద్రలో ఉంది. 'వాళ్ళు నేను చెప్పినట్టే చేశారు' అనే ఒక్క మాట అనగలిగిన మనిషి ఒక్కతే, ఆ మనిషి నిద్రలో ఉంది. లేచాక కూడా ఆ మాట ఒడిస్యూస్‌తో అనదు. పాతాళంలో ఈమె పలకరించబోతే వాళ్ళు దూరంగా పరుగెత్తిపోతారు.

ఒక సంగతి గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. 'ఒడిస్సీ' మొదటి సర్గలోనే టెలిమాకస్ తల్లిని నోరు మూసుకుని మేడమీదికి పోయి మగ్గం చూసుకోమంటాడు. మేరీ బియర్డ్ 2017లో ప్రచురించిన 'విమెన్ అండ్ పవర్' ఆ సన్నివేశంతోనే మొదలవుతుంది. మనం కూడా సభల్లో దాన్ని ఎన్నిసార్లు ఉదహరించామో! 22వ సర్గలో తాడు కట్టింది కూడా ఆ పిల్లవాడే. దాన్ని ఉదహరించడం మాత్రం తక్కువ. మేడమీదికి పొమ్మన్న అవమానం మనకు తెలిసిన అవమానం కాబట్టేమో.

అదే 2017లో ఎమిలీ విల్సన్ 'ఒడిస్సీ'ని ఇంగ్లీషులోకి తెచ్చింది. ఆ కావ్యాన్ని పూర్తిగా ఇంగ్లీషు చేసి ప్రచురించిన మొదటి స్త్రీ ఆమే. ఉరి తీసేచోట మూలంలో ఆ ఆడవాళ్ళను తిట్టే మాటేదీ లేదని, అక్కడున్నది కేవలం స్త్రీలింగంలో 'వాళ్ళు' అనే మాటేనని, దాన్ని ఇంతకు ముందటి అనువాదకులు లంజలు, ముండలు అనే అర్థమిచ్చే మాటలతో నింపారని ఆమె చూపించింది. పనిమనిషి అనే మెత్తని మాట కూడా ఆమె వాడలేదు. బానిసలు అని రాసింది.

ఆ ఆదివారం ఇంటికొచ్చాక, డాక్టరుగారి మాట తప్పి, 'ఒడిస్సీ' తీసి భూతద్దం పెట్టుకుని దాసీలు ఎక్కడెక్కడ వస్తారో వెతికాను. యూరిక్లియాను చిన్నపిల్లగా ఇరవై ఎడ్ల ఖరీదుకు కొన్నాడు ఒడిస్యూస్ తండ్రి. భార్య కోపానికి భయపడి ఆమెను పక్కకు చేర్చుకోలేదని హోమర్ ప్రత్యేకంగా చెప్తాడు. అంటే చేర్చుకోవడమే మామూలన్నమాట. ఒడిస్యూస్‌ను ఎదిరించి మాట్లాడి పొగరుబోతు అనిపించుకున్న మెలాంతో, డోలియస్ అనే బానిస కూతురు. పెనెలోపి పెళ్ళయి ఇతాకాకు వచ్చేటప్పుడు డోలియస్‌ను ఆమె తండ్రే ఆమెకు ఇచ్చి పంపాడు. 23వ సర్గలో పెనెలోపి, తమ పడకగది రహస్యం తెలిసింది ఒక్క ఆక్టోరిస్‌కేనని అంటుంది. నేనిక్కడికి వచ్చేటప్పుడు మా నాయన నాకిచ్చిన మనిషి అని చెప్తుంది.

భూతద్దం పక్కన పెట్టేశాను. తండ్రి ఇచ్చి పంపిన మనిషి! తెలుగులో దీనికి ఎంత పాత మాట ఉంది! అరణం. అరణపు దాసి. మా తెలంగాణలో ఇంకో మాట ఉంది. ఆడబాప.

కొత్త తరం చదువరుల కోసం కొంచెం చెప్పాలి. నిజాం కాలంలో దొరల, దేశ్‌ముఖుల గడీల్లో ఊరంతా వెట్టి చేసేది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ప్రతివారికీ ఒక వంతు. ఆ వెట్టికన్నా కిందిది ఆడబాప బతుకు. వెట్టివాళ్ళు రాత్రికి తమ గుడిసెకు పోతారు, ఆడబాపకు వేరే ఇల్లు లేదు. దొర కూతురికి పెళ్ళి చేసి పంపేటప్పుడు బంగారం, పశువులతో పాటు పిల్లలనో, పడుచులనో ఆమె వెంట పంపేవారు. వాళ్ళు అత్తవారింట్లో జీవితాంతం చాకిరీ చేయాలి, ఆ ఇంటి మగవాళ్ళకు అడ్డు చెప్పకూడదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వచ్చిన తెలంగాణ పోరాట చరిత్రలో ఫ్యూడల్ దోపిడీలన్నిటిలోకీ హీనమైనదిగా దీన్ని చెప్పారు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో వనజ ఆడబాప. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లేకపోతే చాకలి ఐలమ్మ, కమలమ్మ, దూడల సాలమ్మ లాంటివాళ్ళ మాట వాళ్ళ నోటితో మనదాకా వచ్చేదే కాదు. ఆ పుస్తకం మొదట టేపు. ఆడవాళ్ళు ఊరూరా తిరిగి, ముసలివాళ్ళ ముందు కూర్చుని, వాళ్ళు ఆగినచోట ఆగి, ఏడ్చినచోట ఏడ్చి విన్న మాటలు అవి. మన ఆడియో పుస్తకం అదేనని ఇప్పుడు అనిపిస్తుంది. కాకపోతే అవి పోరాటం బాగా నడిచిన నల్గొండ, వరంగల్, ఖమ్మం వైపు గొంతులు ఎక్కువ. పోరాటం అంతగా తాకని మా నిజామాబాదు జిల్లాలో (కామారెడ్డి, ఎల్లారెడ్డి 2016 దాకా ఆ జిల్లాలోవే) ఆడబాపలు ఏ తిరుగుబాటులోనూ లెక్కకు రాకుండా ముసలివాళ్ళయి పోయారు.

నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది. అప్పు తీర్చడానికి జీతమున్నవాళ్ళ కోసం అది. ఆడబాప ఎవరికీ అప్పు పడలేదు, ఆమె మీద ఏ పత్రమూ లేదు. పత్రం లేనిదాన్ని ఏ చట్టం రద్దు చేస్తుంది? 1949లో జాగీర్లు పోయాయి. ఆమె ఉన్నచోటనే ఉంది.

నాకిది పుస్తకాల్లో చదివి తెలిసిన సంగతి కాదు. మాది గడీ అని చెప్పుకునేంత పెద్ద ఇల్లు కాదు. ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్ళో రెండు మండువాల ఇల్లు, కొంత భూమి. కానీ మా నాయనమ్మ 1938 ప్రాంతంలో కాపురానికి వచ్చినప్పుడు తన వెంట తెచ్చిన వాటిని నా చిన్నప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టేది. ఇత్తడి గంగాళాలు ఇన్ని, పాడిబర్రెలు ఇన్ని, ఎడ్లజత ఒకటి, చెక్క సందుగ ఒకటి, పిల్ల ఒకటి. ఆ లెక్కలో పిల్ల చివర వచ్చేది. ఆ పిల్ల నా చిన్నతనం నాటికి నలభై దాటిన మనిషి. నాయనమ్మను మేం నాయనమ్మ అనేవాళ్ళం. ఆమెను అవ్వ అనేవాళ్ళం. పేరు ఇక్కడ రాయను. ఆమెను అడగకుండా ఆమె కథ రాస్తున్నదే ఎక్కువ.

మా ఇంట్లో ఎవరూ ఆడబాప అనే మాట వాడగా నేను వినలేదు. 'మా ఇంట్ల మనిషి' అనేవారు. ఈ మాట మీద ఎన్నాళ్ళు ఆలోచించానో. ఇంటి మనిషి వేరు, ఇంట్ల మనిషి వేరు. ఇంటి మనిషయితే భాగముంటుంది. ఇంట్ల మనిషయితే మూల ఉంటుంది. అవ్వ మూల వడ్ల అర్ర పక్కన ఉండేది. ఆమెకు పెళ్ళి కాలేదు. ఒక కూతురుండేది. తండ్రెవరని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒకసారి మాత్రం మా మేనత్త, అవ్వ కూతురిని చూస్తూ, "ముక్కు సూడు, అచ్చం మా నాయనదే" అని నోరు జారి, వెంటనే గిన్నె బోర్లించుకుని లోపలికి పోయింది. నాకప్పుడు పదకొండేళ్ళు.

అవ్వ కథలు చెప్పేది. మా అయిదుగురు పిల్లలకు రాత్రి అన్నాలయ్యాక మండువాలో గొంగడి పరిచి పడుకోబెట్టి, కాళ్ళు ఒత్తుతూ చెప్పేది. ఇప్పటికి నేను విన్న ఆడియో పుస్తకాల్లో మొదటిది ఆమే. చిందోళ్ళు ఊరికి వచ్చి ఆడిపోయిన ఆటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. మా జిల్లాలోనే చిందుల ఎల్లమ్మ ఉండేది, మగవేషాలు కట్టి గజ్జెలతో అరుగు దద్దరిల్లేలా ఆడేది. అట్వుడ్ నవల అచ్చయిన 2005లోనే ఆమె పోయింది. చిందు ఆటలో ఎల్లమ్మ కథ ప్రధానం. కొడుకు పరశురాముడు గొడ్డలెత్తితే ఎల్లమ్మ పరుగెత్తి మాదిగింట్లో దాక్కుంటుంది. దాచిన ఆడమనిషి తలా, ఎల్లమ్మ తలా ఒక్క వేటుకు తెగుతాయి. తలలు, మొండాలు తారుమారవుతాయి.

మిగతావాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు ఎల్లమ్మ దేవతయింది అని ముగిస్తారు. అవ్వ అక్కడ ఆగేది కాదు. "ఎల్లమ్మకు గుడి గట్టిన్రు, పట్నాలు ఏసిన్రు. దాసిపెట్టినదాని ఇల్లు ఏమాయె బిడ్డా? ఆమె పొయ్యిమీద ఎసరు బెట్టిందో లేదో, పిల్లలు ఏం తిన్నరో ఆ పూట?" అనేది. మాకు నిద్రొచ్చేది. ఆ ప్రశ్న విన్నామే గాని ఎవరి గురించి అడుగుతోందో పట్టించుకోలేదు.

వెల్చేరు నారాయణరావుగారు 1991లో తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద రాసిన వ్యాసంలో, బ్రాహ్మణ స్త్రీలు పాడే పాటలకూ, కింది కులాల స్త్రీలు పాడే పాటలకూ తేడా ఉందని చూపించారు. ఒకే కథ, ఎవరు ఏ పని చేస్తూ పాడుతున్నారన్న దాన్నిబట్టి వేరే కథ అవుతుంది. ఈ వ్యాసాన్ని ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. పాఠం చెప్తున్నప్పుడు అవ్వ ఒక్కసారి కూడా గుర్తు రాలేదంటే నమ్ముతారా?

మన ఇతిహాసాల్లోకి ఇప్పుడు మళ్ళీ చూస్తే అరణంగా వచ్చినవాళ్ళు ఎంతమంది! వాల్మీకి రామాయణంలో మంథర కైకేయి పుట్టింటి దాసి. కైకేయి వెంట అయోధ్యకు వచ్చిన మనిషి. ఆమె గూని మీద మనం ఎన్ని హాస్యాలాడుకున్నామో. పరాయి ఊళ్ళో తన యజమానురాలి బతుకు చెడితే తన బతుకేమవుతుందో ఆమెకు తెలుసునని ఎవరైనా అన్నారా? మహాభారతంలో అంబిక, వ్యాసుడి దగ్గరికి రెండోసారి పోవడం ఇష్టం లేక దాసిని అలంకరించి పంపుతుంది. ఆ దాసికి పుట్టినవాడు విదురుడు. విదురనీతి మనకు కంఠస్థం. ఆయన తల్లి పేరు కథలో లేదు. అంబిక 'నేను పోను' అనగలగడం స్త్రీస్వేచ్ఛే కావచ్చు, ఆ స్వేచ్ఛ ఖరీదు ఇంకో ఆడది కట్టింది. ఇక దేవయాని పెళ్ళయి యయాతి వెంట పోయేటప్పుడు శర్మిష్ఠను, ఆమెతో పాటు వెయ్యిమంది కన్యలను దాసీలుగా తీసుకుపోయింది. శర్మిష్ఠ రాజు కూతురు కాబట్టి ఆమె దుఃఖం కథయింది, ఆమె కొడుకు పూరుడు వంశకర్త అయ్యాడు. ఆ వెయ్యిమంది?

ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ఆ కథలు నాకెంతో ఇష్టం. అవి లేకపోతే నేనీ ప్రశ్నల దాకా వచ్చేదాన్నే కాదు. గ్రీకు కథలు తిరగరాసిన ఇటీవలి నవలల్లో కూడా, 2018లో వచ్చిన పాట్ బార్కర్ 'ది సైలెన్స్ ఆఫ్ ద గర్ల్స్' రాణిగా ఉండి బానిసయిన బ్రిసేయిస్ చేత మాట్లాడిస్తుంది. పుట్టుకతోనే బానిస అయినదాని చేత మాట్లాడించడం ఇంకా కష్టం. అట్వుడ్ అందుకే వాళ్ళ చేత మాట్లాడించకుండా పాడించిందేమో. పన్నెండుగురికీ కలిపి ఒక గొంతు. దీన్ని ఒక లోపంగా చూసినవాళ్ళున్నారు. నాకూ అది లోపమేననిపిస్తుంది, కానీ నిజాయితీ ఉన్న లోపం.

నవల ముగిసిన ఆదివారం అమ్మ దగ్గర కూర్చుని అవ్వ గురించి అడిగాను. అమ్మకిప్పుడు ఎనభై అయిదు. 1958లో ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ముందు, "గిప్పుడెందుకే అవన్ని" అంది. తర్వాత బత్తాయి ఒలుస్తూ ఒలుస్తూ చెప్పింది.

రజాకార్ల గడబిడలో, 1948లో, మా వాళ్ళు ఇల్లు విడిచి పోయారట. ఇంటికి కాపలా అవ్వను ఉంచారు. అప్పటికామె పద్దెనిమిదేళ్ళది. పోయేముందు నాయనమ్మ ఆమెతో, ఎవరొచ్చినా తలుపు తియ్యి, అన్నం పెట్టు, ఎదురుమాట్లాడకు, ఇల్లు తగలబెట్టకుండా చూడు అని చెప్పిందట. రజాకార్లు వచ్చారు, పోలీసులొచ్చారు, సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఇంకెవరెవరో వచ్చారు. అందరికీ వండి పెట్టింది. ఇల్లు నిలబడింది. మా వాళ్ళు తిరిగొచ్చాక ఊరివాళ్ళు చెప్పింది విని మా ముత్తాత ఆమెను మండువా గుంజకు కట్టించి కొట్టించాడు. ఎవరెవరికి పెట్టినవ్, ఏమేం పెట్టినవ్ అని.

"నాయనమ్మ ఏమన్నది?" అని అడిగాను.

"లోపలున్నదట. బాలింత. ఒంట్లో మంచిగ లేకుండెనట."

"తర్వాతనన్నా చెప్పలేదా, నేనే పెట్టమన్నానని?"

అమ్మ తొనలు నా చేతిలో పెట్టి, "నాతోని చెప్పింది, సచ్చిపోయే ముందు" అంది. "గా మాట మామ ముంగట చెప్తే నన్నేమంటడో అని భయపడ్డనే కోడలా, అన్నది."

నవల విన్న చెవులతో విన్నాను కాబట్టి అచ్చం అట్లాగే వినబడిందేమో. అమ్మ చెప్పిన దానిలో ఎంత జరిగిందో, ఎంత నేను కలుపుకున్నానో అని అనుమానం వచ్చి, మరుసటి వారం ఫోన్లో రికార్డు పెట్టి మళ్ళీ చెప్పించాను. అదే చెప్పింది. ఒక్క మాట అదనం. ఆ దెబ్బలు తగిలిన చలికాలమే అవ్వకు కూతురు పుట్టిందట.

నాయనమ్మ దుర్మార్గురాలు కాదు. పన్నెండో ఏట పెళ్ళయి, ఏడు కాన్పులు కని, మామ ముందు ఏనాడూ తలెత్తి నిలబడని మనిషి. ఆమె మీద జాలితో నేను గతంలో ఒక కథ కూడా రాశాను. అందులో ఆమె పెట్టె ఉంది, మగ్గిన చీరలున్నాయి, చదువుకోవాలని ఉండి చదువుకోలేని దుఃఖముంది. గుంజ లేదు. గుంజ నాకు తెలియదు కాబట్టి లేదని సర్దిచెప్పుకోవచ్చు. కానీ మా చిన్నప్పుడు ఆ గుంజ చుట్టూనే తిరుగుతూ ఆడుకున్నాం, అవ్వ మాత్రం దానికి ఆనుకుని ఎప్పుడూ కూర్చునేది కాదు. అది చూశాను. అడగలేదు.

అవ్వ 1996లో పోయింది. కూతురు అంతకు చాలా ముందే ఊరొదిలి కామారెడ్డి చేరి బీడీలు చుట్టుకుని బతికింది. కూతురి కూతురు ఇప్పటికీ చుడుతుంది, మా వీధికి నాలుగు వీధుల అవతల. యాభై దాటిన మనిషి. దారిలో కనిపిస్తే "మంచిగున్నవా అక్కా" అంటుంది. అమ్మ చెప్పింది విన్న పది రోజులకు వాళ్ళింటికి పోయాను. ఎందుకు పోయానో సరిగా చెప్పలేను. క్షమాపణ చెప్పడానికని అనుకున్నాను గానీ, ఎవరి తరఫున, ఎవరికి? గుంజ సంగతి ఎత్తబోయాను. ఆమె చాటలో నుంచి తల ఎత్తకుండా, "తెలుసక్కా, మా అమ్మ చెప్పింది" అంది. తునికాకు కత్తిరిస్తున్న చెయ్యి ఆగలేదు.

ఇక ఏం మాట్లాడాలో తోచక, నాకిష్టమైన దగ్గరికి పోయాను. అవ్వ మాకు చెప్పిన కథల గురించి. ఎల్లమ్మ కథ ఆమె ఎట్లా చెప్పేదో, దాచిపెట్టినదాని పిల్లలు ఆ పూట ఏం తిన్నారని ఎట్లా అడిగేదో అవ్వ గొంతుతో చెప్పి చూపించాను. ఆ కథలన్నీ రాసి పెట్టాలనుకుంటున్నానని, ఆమెకు గుర్తున్నవి కూడా చెప్తే రికార్డు చేసుకుంటానని ఫోను తీశాను.

ఆమె అప్పుడు కత్తెర పక్కన పెట్టింది. నా ముఖం వైపు చూసింది.

"మా అవ్వ కథలు చెప్పేదా?" అంది. "మాకెన్నడూ చెప్పలేదక్కా. రాత్రి మీ ఇంట్లనే ఉండేది గద."